పాతబండి - క్రొత్తబండి

మా యింటి కారు 2012లో కొన్నది. దాని పలకపై నేటికిని ఏ.పి. 23 అని ఉమ్మడి మెదకు జిల్లా గుర్తే యున్నది. 2014లో రాష్ట్రము వేరై టి.ఎస్. వచ్చెను. 2016లో దసరానాడు సిద్దిపేట జిల్లా యేర్పడి 36 అను అంకె వచ్చెను. 2024లో టి.ఎస్. పోయి టి.జి. వచ్చెను. ఇన్ని మార్పులు జరిగినను మా బండి మాత్రము పుట్టినింటి పేరు విడువని కోడలివలె ఆ పాత యక్షరములనే పట్టుకొని తిరుగుచున్నది. దానిని మార్చవలయునా, అక్కరలేదా యను తర్కము మా యింట మూడునెలలు నడచినది. గృహకృత్యములను గూర్చి వ్రాయవలసిన పుటలలో మోటారుబండి ప్రసంగమేల యని సోదరీమణులు కొందరనవచ్చును. కాని పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని నడుపునది తల్లియైనపుడు బండియు నొక గృహకృత్యమే గదా.

మార్పునకు కారణములు రెండు బహిరంగముగా చెప్పబడినవి. మొదటిది చట్టము. సొంతకారునకు పదునైదేండ్ల రిజిస్ట్రేషను. పిమ్మట బండిని పరీక్షకు నిలిపి ఐదేసి యేండ్లకు మరల వ్రాయించుకొనవలయును. మాదానికి 2027లో గడువు. రెండవది ధర. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్నకార్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గినది. పొడవు నాలుగు మీటర్లు మించక, పెట్రోలుదైనచో యంత్రము 1200 ఘనసెంటీమీటర్లు దాటనిదే చిన్నకారని లెక్క. ఈ వార్త వచ్చిన సాయంకాలమే మా మరిది కాగితము, కలము తీసికొని కూర్చుండెను.

మూడవ కారణము నాకును మావారికిని మాత్రమే తెలియును. అత్తగారికి చెప్పలేదు.

గడచిన వానకాలమున ఒక రాత్రి పిల్లలతో హైదరాబాదునుండి రాజీవ్ రహదారిమీద వచ్చుచుంటిమి. నేనే నడుపుచుంటిని. ప్రజ్ఞాపూరు దాటిన తరువాత వాన పట్టుకొన్నది. కుకునూరుపల్లి చేరకముందే, వెనుకదీపము లేని ట్రాక్టరొకటి గడ్డిమోపులతో చీకటిలో చీకటియై రోడ్డుపై నిలిచియుండెను. చూచినంతనే బ్రేకును బలమంతయు పెట్టి త్రొక్కితిని. చక్రములు తిరుగుట మానెను గాని బండి యాగలేదు. తడిసిన తారుమీద నూనె పూసిన పీటవలె జారిపోవుచుండెను. స్టీరింగు కుడికి త్రిప్పితిని. బండి తిన్నగానే పోయెను. అప్పుడు నా కాలు తనంతట తానే సడలెనో, భయమున తప్పెనో చెప్పలేను. బ్రేకు వదలినంతనే చక్రములు తిరిగినవి, తిరిగినంతనే బండి మాట విన్నది. ట్రాక్టరు ఇనుపచక్కికిని మా యెడమ తలుపునకును నడుమ మూరెడు సందు మాత్రమే మిగిలెను. పిల్లలు నిద్ర లేవలేదు. మావారు ఒక్కమాటయు మాటాడలేదు. ఇల్లు చేరువరకు మాటాడలేదు.

ఇందులో బండిని నిందించుట న్యాయము గాదు. దీపము లేని ట్రాక్టరుదొక తప్పు, మాదొక తప్పు. మేము కొన్ననాటికే ఆ కారులో చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. అను సాధనమును, ప్రమాదమున ఉబ్బి తలను కాచు గాలిసంచులును గల రకములుండెను. కొంత సొమ్ము మిగులునని మేము అన్నిటికంటె చౌకరకము తెచ్చుకొంటిమి. ఆ మిగిలిన సొమ్ముతో నేమి కొంటిమో నేడు నాకు జ్ఞప్తికి రాదు. ఏ.బి.ఎస్. మన దేశమున క్రొత్తకార్లన్నిటికిని తప్పనిసరి యైనది 2019 ఏప్రిలులో. నడుపువారి గాలిసంచి అదే సంవత్సరము జూలైలో. అంతవరకు అవి వెండిగిన్నెలవలె, ఉన్నవారు కొనుకొను వస్తువులు.

ఆ రాత్రి తరువాత నేను చదువకూడనిది చదివితిని. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశపు స్విఫ్టు కారును, గాలిసంచులు లేని రకమునే, గోడకు కొట్టించి చూడగా, పెద్దలరక్షణ విషయమున దానికి ఒక్క నక్షత్రమైనను రాలేదట. మా యింటిదియు ఆ తరమునదే, ఆ రకమునదే.

ఇక నాకీ పాతబండిమీద నున్న మమకారమును గూర్చి కొంత చెప్పవలెను. లేకున్న తక్కిన కథ తెలియదు. మా నాన్నగారికి 2022లో కంఠవ్యాధి వచ్చినది. హైదరాబాదులో ఆరు వారములు, వారమునకైదు దినములు కిరణచికిత్స. పోయి రాగా రెండువందల కిలోమీటర్లు. అన్నదమ్ములు దూరదేశమున నుండుటచే నేనే తీసికొనిపోయితిని. నాకు అక్షరాభ్యాసము మొదలు ఆంధ్రభారతమువరకు వారే చెప్పిరి. నేను బడికిపోయి చదివినది స్వల్పము. రెండవవారమునకు వారి గొంతు పోయినది. మాటలు లేని ప్రయాణము భరింపలేక, నేను స్టీరింగు పట్టుకొని నలోపాఖ్యానమును నోటికి వచ్చినంతమట్టుకు చదువుచుంటిని. ఎక్కడైన యతి తప్పినచో నాన్నగారు ముందున్న నల్లని పలకమీద చూపుడువ్రేలితో టక్కున కొట్టెడివారు. నేను మరల చదివెడిదానను. సరియైనచో వ్రేలు కదలదు. దుద్దెడ దాటి సిద్దిపేట పొలిమేర కనబడువరకు ఇదియే మా సంభాషణము. ఆ యేడు మార్గశిరమున వారు వెళ్ళిపోయిరి. ఆ పలకమీద గీతయైనను లేదు. వ్రేలితో కొట్టినందున గీత పడునా? అయినను తుడుచునపుడు ఆ చోటికి గుడ్డ వచ్చినప్పుడు చేయి నిదానించును.

మా మరిది మాత్రము లెక్కలు తప్ప మరియొకటి వినడు. "వదినా, ఒక్కసారి తోలి చూడు, తర్వాత మాట్లాడు" అని విజయదశమి వెళ్ళిన ఆదివారము మమ్ము బయలుదేరదీసెను. గడప దాటునపుడు అత్తగారు నవ్వుచు, "రథం తోలిన కైక రెండు వరాలడిగింది. నువ్వేమడుగుతవో చూస్త" అనిరి. వారి నోటికి జవాబు చెప్పుట నావలన కాదు.

దుకాణములో మాకు బండి చూపినవాడు మావారి పూర్వవిద్యార్థి. గురువును చూచి లేచి నిలుచుండినవాడు మరల కూర్చుండలేదు. యంత్రమును గూర్చియు, మైలేజిని గూర్చియు చెప్పినదంతయు "సార్, సార్" అని మావారికే చెప్పెను. రంగులు, వెనుకసీటు గుడ్డ వచ్చుసరికి నావైపు తిరిగెను. మావారు విని విని, "నడిపేది ఆమె. నాకు కండ్లద్దాలు పెట్టుకున్నా రాత్రి రోడ్డు కనబడదు" అనిరి. ఆ కుఱ్ఱవాడు పాఠము తప్పి చదివినవానివలె మొగము పెట్టి తాళపుచెవి నా చేతికిచ్చెను. తాళపుచెవి యనుటయే గాని అందులో చెవి లేదు; నల్లని బిళ్ళ. దానిని సంచిలో నుంచుకొని బొత్తాము నొక్కిన బండి మేల్కొనును.

మొదట చూచినది 2024 మేలో వచ్చిన క్రొత్త స్విఫ్టు. ఈ పేరుగల కారు మన దేశమునకు 2005లో వచ్చినది. మాది 2011లో వచ్చిన రెండవ తరము, 2018లో మూడవది, ఇది నాలుగవది. ముత్తవ్వకును మునిమనుమరాలికిని ముక్కుతీరు కలిసినట్లు, కనుబొమలవద్ద పోలిక తెలియుచునేయున్నది. నేను ఆశ్చర్యపడిన సంగతి వేరు. మా పాతబండి యంత్రములో నాలుగు సిలిండర్లు, 87 అశ్వముల బలము. క్రొత్తదానిలో మూడే సిలిండర్లు, 82 అశ్వములు. రెండింటి పరిమాణమును 1197 ఘనసెంటీమీటర్లే. కాలము గడచినకొలది బలము పెరుగునని తలచుదుము గదా, ఇక్కడ తగ్గినది! అందులకు ప్రతిఫలము మైలేజి: నాడు కంపెనీవారు చెప్పినది లీటరునకు 18.6 కిలోమీటర్లు, నేడు 24.8. మన చేతిలో రెండును అంతకు తక్కువే యిచ్చుననుకొనుడు. తేడా మాత్రము తేడాయే.

పొన్నాల వైపు రహదారి యెక్కించితిని. నిలిచియున్నపుడు మూడు సిలిండర్ల కంపము అరకాలికి తెలిసినది. పెండ్లిండ్లలో పసుపు దంచునపుడు నాలుగు రోకళ్ళ పోటు సమముగా సాగును. ఒకతె చేయి కడుగుకొన లేచినచో మిగిలిన మూటి పోటు ఒకవైపు తూగినట్లు వినబడును. అట్టిదే యిది. వేగము పుంజుకొన్నపిదప ఆ తూగు పోయి మెత్తబడినది. క్లచ్చి దూదివలె నున్నది. మాదానిని త్రొక్కి త్రొక్కి నా యెడమమోకాలు నొవ్వసాగి మూడేండ్లయినది. వెనుకకు పోవునపుడు అద్దములో గాక ముందు పలకమీదనే వెనుకదారి కనబడును. ఇవన్నియు సుఖములు. నేను వచ్చినది సుఖమునకు గాదు.

రోడ్డు ఖాళీగా నున్నచోట ప్రక్కనున్న కుఱ్ఱవానితో చెప్పి, వెనుక నెవరును లేరని చూచుకొని, అరువది వేగమున బ్రేకును ఆ రాత్రి త్రొక్కినట్లే త్రొక్కితిని. పాదము క్రింద పెడలు దడదడ కొట్టుకొన్నది. చక్రము బిగియబోవు క్షణమున యంత్రమే పట్టు విడుచును, మరల పట్టును, మరల విడుచును, క్షణములో పలుమార్లు. చక్రము తిరుగుచునేయుండుటచే స్టీరింగు మాట వినును. త్రొక్కుచునే కొంచెము ఎడమకు త్రిప్పితిని. బండి ఎడమకు పోయి ఆగినది! కుఱ్ఱవాడు ముందుపలకను పట్టుకొని, "మేడమ్, చెప్పి త్రొక్కినా భయమైంది" అనెను. నాకు మాత్రము కన్నీళ్ళు వచ్చినవి. దుమ్ము పడినదని చెప్పితిని.

గాలిసంచులు ఆరు, అన్నిటికంటె చౌకరకములోను ఆరేనట. మలుపులో బండి జారబోయినచో ఒక్కొక్క చక్రమును వేరువేరుగ పట్టి దారికి తెచ్చు సాధనమును అన్ని రకములలో నున్నది. ఈమారు చౌకరకము కొన్నను తప్పు కాదని మావారు నా ముఖము చూచి మెల్లగా ననిరి.

కథ ఇంతటితో ముగియవలసినది. కాని మా మరిది మనస్సులో నున్నది వేరొకటి. మరునాడు ఐ20 ఎన్ లైన్ అను దానివద్దకు తీసికొనిపోయెను. హాట్ హ్యాచ్ అని వీనికొక జాతి కలదు. వెనుక తలుపు పైకి లేచు చిన్నకారునకే పెద్ద యంత్రబలము పెట్టి, సంత కెంత పనికివచ్చునో పందెమునకంత పనికివచ్చునట్లు చేసినవి. జర్మనీలో ఫోక్స్‌వేగన్ వారు 1976లో అమ్మిన గోల్ఫ్ జి.టి.ఐ.తో ఈ జాతికి పేరు వచ్చినది. దాని బలము 110 అశ్వములు. ఆ వంశపు నేటి కారు 2025లో మన దేశమునకు వచ్చినది గాని ధర యేబది లక్షలు దాటినది. దానిని తోలిచూచుటకు పోయినచో తలుపు తీయుదురో లేదో! ఎన్ లైన్ 2021లో వచ్చినది. 998 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్లే, మా పాతబండికంటె చిన్న యంత్రము. బలము మాత్రము 120 అశ్వములు, నాటి గోల్ఫునకంటెను ఎక్కువ.

చిన్న యంత్రమున కింత బలమెట్లు వచ్చెనని అడిగితిని. టర్బో యనిరి. దానిని నేను గ్రహించినవిధము చెప్పెదను. పొయ్యిలో కట్టెలు అవే. ఊదుగొట్టముతో నూదినచో మంట రెండింతలగును. యంత్రమునుండి వెలుపలికి పోవు పొగ ఊరక పోక ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రముతో కూడి తిరుగు రెండవచక్రము వెలుపలి గాలిని ఒత్తి సిలిండర్లలోనికి ఊదును. గాలి ఎక్కువైనందున పెట్రోలు నెక్కువ మండింపవచ్చును. తన పొగతో తన పొయ్యి తానే ఊదుకొనుట! కట్టెపొయ్యి వద్ద కన్నులు మండించుకొన్న మా అమ్మమ్మ విన్నచో ఏమనెడిదో.

ఆ బండిని నడిపిన పదినిమిషములు నాకు బాగుగ జ్ఞప్తి యున్నవి. స్టీరింగు బరువుగా, తీగలాగినట్లున్నది. స్విఫ్టులో యంత్రము నాలుగువేల చుట్లు దాటినగాని పూర్తిగా లాగదు. ఇది 1500 చుట్లకే లాగును. మూడవ గేరులో కాలు కొంచెము మోపితిని. వీపు సీటున కతుకుకొన్నది. లోపల ఎక్కడనో చిన్నతనమున జాతరలో రంగులరాట్న మెక్కిననాటి నవ్వొకటి పుట్టి నోటికి వచ్చినది. ముప్పదియైదేండ్ల యిల్లాలను, ఇద్దరు పిల్లల తల్లిని, గట్టిగా నవ్వితిని. మా మరిది వెనుకనుండి చప్పట్లు కొట్టెను. నిజము దాచనేల? బాగున్నది. చాల బాగున్నది. ఆ రాత్రి నిద్రలోనుగూడ నడిపితిని.

అయితే గతుకులమీద ప్రతి గులకరాయియు వెన్నెముకకు తెలిసినది. అత్తగారిని కొమురవెల్లి మల్లన్న జాతరకు దీనిలో తీసికొనిపోయినచో పట్నము వేయకముందే ఆమెకు పూనకము వచ్చును. ధరయు స్విఫ్టునకంటె లక్షలలో ఎక్కువ. ఒక జీతముపై నడచు సంసారమున ఆ లక్షలు పిల్లల చదువువే. మరిదితో ఈ మాటయే అంటిని. "మరి నవ్వినవు కద వదినా" అనెను. నవ్వుటకును కొనుటకును సంబంధము లేదని యెట్లు చెప్పుదును? పట్టుచీరెల దుకాణములో నెన్నిమారులు నవ్వి లేచి రాలేదు?

ఇంటికి వచ్చి ఆ రాత్రి అరణ్యపర్వము తీసితిని. ఋతుపర్ణమహారాజు ఒక్క పగటిలో విదర్భకు పోవలెనన్నపుడు, బాహుకుడై యున్న నలుడు అశ్వశాలలో చిక్కిపోయిన గుఱ్ఱములను ఏరి కట్టినాడు. రాజు వానిని చూచి, ఇవి దారిలో పడిపోవునే యని బెదరినాడు. బలిసినవానిని గాక లక్షణములు గలవానిని చూచుట సారథిపని. ఎనుబదిరెండే అశ్వములా యని ముందునాడు నేనుగూడ ఆ రాజువలెనే పెదవి విరిచితిని. నాన్నగారున్నచో ముందుపలకమీద టక్కున కొట్టియుందురు.

అదే కథలో రథము కుండినపురము ప్రవేశించునపుడు దమయంతి మేడపైనుండి చక్రఘోష విని, ఇది నలుడు తోలు రథమని గుర్తించును. ఇక్కడ నాకు దిగులు పట్టుకొన్నది. మా పాతబండి వీథిమొగను మలుపు తిరుగునపుడు రెండవ గేరులో నొకవిధముగ మూలుగును. నేను వంటింటిలో నున్నను, మావారు వచ్చుచున్నారని పోపుగరిటె పొయ్యిమీద పెట్టుదును. మా చిన్నపిల్ల చెప్పులు వేసికొనకయే వాకిటికి పరుగెత్తును. క్రొత్తదానికి ఆ మూలుగు లేదు. దానికి మరియొక చప్పుడుండును, కొన్నినాళ్ళకు దానినిగూడ చెవి పట్టుకొనును గాబోలు.

మరునాడు కాగితములవద్ద కూర్చుంటిమి. స్విఫ్టే. రంగు నాకు విడిచిరి. తెలుపు అంటిని, రాత్రి రోడ్డున తెలుపు కనబడునని. పాతబండిని మారకమునకు తీసికొనుటకు వారి మనిషి వచ్చి, చుట్టు తిరిగి, ప్రతి గీతను సెల్లుఫోనులో చిత్రము తీసి, ఒక ధర చెప్పెను. తక్కువే. మా మరిది వాదించి కొంత పెంచెను. ముందుపలకమీద ఆ మనిషి వ్రేలితో కొట్టి చూచినపుడు నేను బయటికి వచ్చితిని.

తాళపుచెవులు రెండును ఇచ్చిననే ఆ ధర, ఒక్కటైనచో తగ్గింతురట. ఒకటి కొక్కెమునకున్నది. రెండవదానికై మూడుదినములనుండి ఇల్లంతయు వెదకుచున్నాను. బియ్యపుడబ్బా, పిల్లల పుస్తకముల సంచులు, బీరువా అడుగు అన్నియు చూచితిని. నిన్న రాత్రి తోచినది: ఆసుపత్రికి తిరిగిన దినములలో అది నాన్నగారి వద్ద నుండెడిది. వారి పుస్తకముల పెట్టె అటకమీద నున్నది. దానిని వారు పోయిననాటినుండి తెరువలేదు. నిచ్చెన కొరకు పక్కింటివారికి చెప్పి పంపితిని.